దొడ్డప్పకు పచ్చటి ఇల్లు

ఆ ఏడు ఏప్రిల్‌లో నా ఎనిమిదో తరగతి పరీక్షలు అయిపోయిన మధ్యాహ్నం, కాళ్ళు కడుక్కుందామని ఇంటి ముందు సంపు దగ్గరికి వెళ్ళాను. మూత ఎత్తబోతే దాని అంచు కింద ఏదో మెత్తగా కదిలింది. పక్కకు లాగి చూస్తే బోదురుకప్ప. నా పిడికిలి కన్నా పెద్దది. మట్టి రంగు, ఒళ్ళంతా పొక్కులు, కళ్ళ చుట్టూ కాటుక దిద్దినట్టు నల్లటి గీతలు. వెనక ఎడమ పాదం నలిగి నేలకు అతుక్కుపోయి ఉంది. పొద్దున నీళ్ళు తోడుకుని ఆ ఇనప మూతను దబ్బున వేసింది నేనే.

అది అరవలేదు. గొంతు కింద తోలును టపటపా ఆడిస్తూ నా వైపు చూసింది. అరిచి ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదేమో. బకెట్‌లో తడిగుడ్డ పరిచి, దాన్ని అందులో పెట్టి, సైకిల్‌కు తగిలించుకుని పశువుల ఆసుపత్రికి తొక్కాను.

డాక్టరు సారు బకెట్‌లోకి తొంగి చూసి నవ్వాడు. "గొర్రెలు తెస్తారు, కోళ్ళు తెస్తారు. పుంగనూరులో కప్పను తెచ్చింది నువ్వే ఫస్టు పాపా."

నవ్వినా, పని మాత్రం శ్రద్ధగా చేశాడు. నలిగిన పాదాన్ని తీసేసి, మందు పూసి చెప్పాడు. "గాయం మానుతాది. కానీ ఇది ఇంక ఎగరలేదు. కాకి ఒగటి సాలు. బయట బతకదు."

"ఇంట్లో పెట్టుకోవచ్చా సార్?"

"డబ్బాలో పెట్టి మూత పెడితే సచ్చిపోతాది. దానికి ఇల్లు కట్టియ్యాల. తేమ ఉండాల, దాక్కునేదానికి చెట్లుండాల, పగలేదో రాత్రేదో తెలిసే వెలుగుండాల. చేస్తావా?"

"చేస్తా సార్!" అన్నాను. ఎలాగో నాకేం తెలుసు? అయినా ఆ రోజు సైకిల్ మీద తిరిగి వస్తుంటే నా గుండె ఎగిరెగిరి పడింది. సెలవులంటే అప్పటిదాకా టీవీ, నిద్ర. ఇప్పుడు నా చేతిలో ఒక ప్రాణం ఉంది, దానికి నేను ఇల్లు కట్టాలి.

మా ఇంట్లో ముగ్గురమే. అమ్మ నీరజ, నాన్నమ్మ మునిరత్నమ్మ, నేను. నాన్న పోయి అప్పటికి ఐదేళ్ళు. నాన్న పోయాక అవ్వ కురబలకోటలో గొర్రెలన్నీ అమ్మేసి, ఒక ట్రంకు పెట్టెతో మా దగ్గరికి వచ్చేసింది. అమ్మ పుంగనూరులోనే ఒక పురుగుమందుల అంగడిలో పని చేసేది. రైతులు టమోటా ఆకు తెచ్చి బల్ల మీద పెడితే, దాన్ని తిప్పి చూసి ఏ తెగులో చెప్పేది. ఓనరు కన్నా అమ్మనే ఎక్కువ అడిగేవాళ్ళు.

అవ్వ బకెట్‌ను చూడగానే రెండడుగులు వెనక్కి వేసింది. "ఏమిమే అది? కప్పనా? దాన్ని తాకితే ఒళ్ళంతా పొక్కులొస్తాయి, తీసి బయట పారెయ్!"

"రావవ్వా. డాక్టరు సారు తాకినాడు. దీని పేరు దొడ్డప్ప."

ఆ పేరు అప్పటికప్పుడు నోటికొచ్చింది. మా పక్కింట్లో కన్నడ మాట్లాడేవాళ్ళు పెదనాన్నను అలాగే పిలుస్తారు. ఈ కప్ప కూర్చునే తీరు కూడా పెదనాన్న తీరే. అవ్వ కళ్ళు పెద్దవయ్యాయి.

"మా బావ పేరే దొడ్డప్ప! ఆయన పేరు కప్పకు పెడతావా?" అంది. కాసేపు దాన్నే చూసి, "ఆయన గూడా ఇట్లనే అరుగు మీద కూర్చోని, మాట్లాడకుండా అందర్నీ చూస్తాండె" అని లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం అమ్మ వచ్చి విషయమంతా విన్నది. తిడుతుందనుకున్నాను. సబ్బుతో చేతులు ఒకసారి కాదు, మూడుసార్లు కడుక్కుని వచ్చింది. "నా చేతులకు మందు ఉంటాది. కప్ప తోలుతోనే నీళ్ళు తాగుతాది, తోలుతోనే గాలి పీలుస్తాది. మన చేతికున్నది దాని రక్తంలోకి పోతాది" అని నెమ్మదిగా దాన్ని అరచేతిలోకి తీసుకుంది. "ఎంత బరువుండాడే! ఇల్లు కడదాములే. ఏమేమి కావాలో రాయి."

ఆదివారం ఇద్దరం మదనపల్లె వెళ్ళాము. చేపల తొట్లు అమ్మే అంగడిలో మూడడుగుల గాజు తొట్టి ఒకటి మూలన పడి ఉంది. ఒక అంచు నుంచి నీళ్ళు కారుతాయని ఎవరూ కొనలేదట. కప్పకు నీళ్ళ తొట్టి అక్కర్లేదు కదా! అమ్మ, నేను ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. అమ్మ అక్కడ దానికి జాలీ మూత చేయిస్తుంటే, నేను ఎదురుగా ఉన్న ఎలక్ట్రికల్ అంగడికి పరిగెత్తాను. లైటు నా వంతు.

"దేనికి పాపా?" అన్నాడు అంగడాయన.

"చెట్లకు, కప్పకు. ఎండ మాదిరి ఉండాల."

ఆయన చిన్నవీ పెద్దవీ వెలిగించి చూపించాడు. ట్యూబులైట్లు తెల్లగా, పేలవంగా అనిపించాయి. పైన అరలో పాత స్టాకు హాలొజెన్ ఫోకస్ లైటు ఉంది. "అది వేడి ఎక్కువ పాపా, పెళ్ళిళ్ళకు పెడతారు" అన్నాడు. వెలిగించమన్నాను. అంగడంతా పచ్చటి ఎండ నిండిపోయింది. అంతే, నాకు ఇంకేమీ కనిపించలేదు. అదే కావాలన్నాను.

తిరుగు బస్సులో తొట్టిని మా ఇద్దరి ఒళ్ళోనూ పెట్టుకుని కూర్చున్నాం. "చేపలేవమ్మా?" అన్నాడు కండక్టరు.

"చేపలు కాదన్నా, కప్పకు" అంది అమ్మ. బస్సు సగం వెనక్కి తిరిగి చూసింది. అమ్మ సిగ్గుపడలేదు. తొట్టి అవతల గాజులోంచి అమ్మ ముఖం పెద్దగా కనిపించింది.

అడుగున గులకరాళ్ళు, వాటిపైన బొగ్గు ముక్కలు, దానిపైన దోమతెర, ఆపైన జానెడు మందాన కొబ్బరి పొట్టు. నీళ్ళు కిందికి దిగిపోవాలి, పైన తేమ మాత్రం ఉండాలి. ఇవన్నీ రెండు రోజుల్లో సర్దేశాను. ఇక చెట్లు. పుంగనూరులో, మదనపల్లెలో నర్సరీలన్నీ తిరిగాం. గులాబీలు, మామిడి మొక్కలు, మందారాలు. అన్నీ ఎండ అడిగేవే. నీడలో, తేమలో బతికేవి కావాలంటే కుప్పంలో జయచంద్ర నర్సరీకి పొమ్మని, అమ్మ అంగడికి వచ్చే వెంకటగిరికోట రైతు ఒకాయన చెప్పాడు. హార్స్లీ హిల్స్ పోతే ఫర్న్‌లు ఊరికే పీక్కోవచ్చని నేనన్నాను. అమ్మ ఒప్పుకోలేదు.

కుప్పం మాకు దగ్గరేమీ కాదు. పలమనేరులో బస్సు మారి, వెంకటగిరికోట మీదుగా వెళ్ళేసరికి పది దాటింది. రైలు పట్టాల పక్కన ఆకుపచ్చ నీడవల కింద ఉంది నర్సరీ. బయట నిప్పులు చెరుగుతున్న ఎండ, లోపల చన్నీళ్ళు చల్లినట్టు చల్లదనం. ఎన్ని పచ్చలు! లేత పచ్చ, ముదురు పచ్చ, వెండి చారల పచ్చ. నేను ఒక్క పరుగున లోపలికి వెళ్ళి దొరికినదల్లా ఎత్తి గట్టు మీద పెట్టసాగాను. దారంలాంటి కాడలున్న ఫర్న్, ఎర్రటి ఆకులది ఒకటి, చిన్న ముళ్ళ కాక్టస్ ఒకటి.

"ఏమ్మా, ఇంటిముందర పెట్టేదానికా?" అంటూ వచ్చాడాయన. నలభై దాటి ఉంటాయి. లుంగీ, మోచేతుల దాకా మట్టి. మాట్లాడుతూనే కనిపించిన ప్రతి కుండీలోనూ వేలు పెట్టి తడి చూస్తున్నాడు.

"బోదురుకప్పకు" అన్నాను.

ఆయన వేలు కుండీలోనే ఆగిపోయింది. "కప్పకా? గాజు తొట్టిలో తోట, టెర్రేరియమా? ఇరవై ఏండ్లుగా నర్సరీ పెట్టుకోనుండా, కప్పకు చెట్లు అడిగినోళ్ళు లేరు పాపా! ఎంతుంటాది? ఏం తింటాది? యాడ పెట్టినారు?"

నేను ఊపిరి తీసుకోకుండా అన్నీ చెప్పాను. ఆయన వింటూ నేను పెట్టిన కుండీలను ఒక్కొక్కటే వెనక్కి తీసేశాడు.

"ఈ సన్నకాడల ఫర్న్ సుకుమారి. మీ దొడ్డప్ప ఒగసారి కూర్చుంటే నలిగిపోతాది. కాక్టస్ అసలొద్దు, దాని తోలు సీరుకుపోతాది. కప్ప చెట్టును చూసి పక్కకు పోదు పాపా, దాని మీదనే కూర్చుంటాది, దాని కిందనే తవ్వుతాది. కాబట్టి మొండివి పెట్టాల." మనీప్లాంటు, పొట్టి రకం స్నేక్ ప్లాంటు, స్పైడర్ ప్లాంటు, గట్టి ఆకుల ఫర్న్ వరసగా పెట్టాడు. "వీటిని కుండీలతో పాటే పొట్టులో పాతిపెట్టు. అప్పుడు వేర్లు పెకలించలేడు."

అంతసేపూ మాట్లాడని అమ్మ ఫర్న్ ఆకును తిప్పి చూసింది. చేతిరుమాలుతో తుడిచి, రుమాలును ముక్కు దగ్గర పెట్టుకుంది.

"దీనికి మందు కొట్టినారు" అంది. "తెల్లదోమకు. మూడు రోజులైంది."

"మేము మందు కొట్టమ్మా. అంతా వేపనూనెనే" అన్నాడు జయచంద్ర.

"వేపనూనె వాసన నాకు తెలుసు. ఇది అది కాదు."

ఆయన ముఖం కొంచెం ఎర్రబడింది. నీడవల చివర పైపు పట్టుకుని నిలబడ్డ పనివాణ్ణి పిలిచాడు. "సుదర్శనా! ఫర్న్‌లకు ఏమన్నా కొట్టినావా?"

"గురువారం కొట్టినా అన్నా. నువ్వు సేలం పోయింటివి. తెల్లదోమ కమ్ముకుంటాంటే సూడలేక..."

ఆ రోజు ఆదివారం. జయచంద్ర వేళ్ళు మడిచి లెక్క చూసుకుని, అమ్మ వైపు చాలాసేపు చూశాడు. కోపం లేదు. నేను ఆ సన్నకాడల ఫర్న్‌ను చూసినట్టు చూశాడు.

"తప్పు నాదే" అన్నాడు చివరికి. "ఈ చెట్లు మీకు అమ్మను. కప్పకు పోతే ప్రాణం పోతాది. రెండు నెలలు టైమియ్యండి. వీటిని కడిగి, మట్టి మార్చి, మందు లేకుండా పెంచుతా. అంతదాకా..." అంటూ ఇంట్లోకి వెళ్ళి, తన వరండాలో పెంచుకునే మనీప్లాంటు, స్పైడర్ ప్లాంటు కొమ్మలు కత్తిరించి తడి కాగితంలో చుట్టి ఇచ్చాడు. "ఇవి నా సొంతం. ఎప్పుడూ ఏమీ కొట్టలేదు. నీళ్ళ సీసాలో పెడితే వేర్లొస్తాయి. పాపా, ఏమన్నా డౌటుంటే ఫోన్ సెయ్."

రెండు నెలలా! నాకు ఏడుపొచ్చింది. కానీ బస్సులో అమ్మ ఆ తడి కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ ఎందుకో నవ్వుకుంటోంది.

చెట్లు లేకపోయినా ఇల్లు తయారైంది కదా అని దొడ్డప్పను తొట్టిలోకి మార్చాను. పగలగొట్టిన సగం కుండను బోర్లించి గుహ చేశాను. లోతులేని పళ్ళెంలో నీళ్ళు పెట్టాను. కొమ్మలున్న సీసాలను తొట్టి పక్కనే నిలబెట్టి, అన్నిటికీ కలిపి నా ఫోకస్ లైటు పెట్టాను. స్విచ్ వేస్తే ఇల్లంతా పెళ్ళిపందిరిలా వెలిగిపోయింది!

మే నెల రెండో వారం. అమ్మ అంగడిలో ఉంది. మధ్యాహ్నం భోంచేసి వచ్చి చూస్తే దొడ్డప్ప గుహలో లేడు. నీళ్ళ పళ్ళెంలో నాలుగు కాళ్ళూ చాపి, చపాతీలా పరుచుకుని పడి ఉన్నాడు. గొంతు ఆడటం లేదు. గాజు మీద చెయ్యి పెడితే చురుక్కుమంది.

"అవ్వా!" అని అరిచాను. అదే చేత్తో జయచంద్రకు ఫోన్ చేశాను.

"లైటు ఆపు పాపా. ముందు లైటు ఆపు" అన్నాడు ఆయన, నేను సగం చెప్పకముందే. "ఐసు నీళ్ళు పొయ్యొద్దు. మామూలు నీళ్ళతో గుడ్డ తడిపి, అందులో పెట్టు. నీడలో ఉంచు."

లైటు ఆపి తిరిగి చూసేసరికి, అవ్వ అప్పటికే గోనెసంచి తడిపి తెచ్చింది. తాకితే పొక్కులొస్తాయన్న మనిషి, రెండు చేతులతో కప్పను ఎత్తి గోనె మీద పెట్టుకుని, కొంగు తడిపి దాని వీపు మీద పిండుతోంది. "దొడ్డప్పా, ఓ దొడ్డప్పా, లెయ్ నాయనా" అంటూ. గొర్రెపిల్లలకు ఎండదెబ్బ తగిలినప్పుడు అలాగే చేసేదట.

పది నిమిషాలు. ఫోన్ అవతల జయచంద్ర కూడా కట్ చేయకుండా అలాగే ఉన్నాడు. తర్వాత దాని గొంతు ఒకసారి ఆడింది. మరోసారి ఆడింది.

"ఆడతాండాది! ఆడతాండాది!" అని నేను గంతులేశాను. ఫోన్‌లోంచి ఆయన కూడా గట్టిగా కేక వేయడం వినిపించింది.

ఆ రోజు ఆయన నాకు చెప్పిన మాట ఇప్పటికీ నోట్‌బుక్కులో ఉంది. "లైటు కప్పకు కాదు పాపా, చెట్లకు. కప్పకు కావాల్సింది నీడ. నువ్వు చెట్లకు వెలుగియ్యి, చెట్లు కప్పకు నీడిస్తాయి."

అమ్మ సాయంత్రం వచ్చి నన్ను తిట్టలేదు. కానీ ఆయనకు తనే ఫోన్ చేసి, లైటు గురించి వివరంగా అడిగి రాసుకుంది. మరుసటి ఆదివారం మదనపల్లెలో హాలొజెన్ వెనక్కి ఇచ్చేసి, రెండడుగుల తెల్లటి ఎల్‌ఈడీ ట్యూబు తెచ్చాం. నేను పేలవమని పక్కన పెట్టిందే అది! అట్ట మీద 6500 అని ఉండాలని, పగటి వెలుగుకు అది దగ్గరని ఆయన చెప్పాడు. జాలీ మూతకు జానెడు ఎత్తున వేలాడదీశాం. పొద్దున ఏడుకు వెలిగి, సాయంత్రం ఏడుకు దానంతటదే ఆరిపోయేలా టైమరు పెట్టాం. తొట్టిలో థర్మామీటరు అతికించాం. దొడ్డప్పకు గుహ ఉన్న మూలన వెలుగు పడకుండా అట్టముక్క అడ్డం పెట్టాం. లైటు ఆరిన వెంటనే వాడు గుహలోంచి తల బయటపెట్టేవాడు. నేను పట్టి తెచ్చిన బొద్దింకను వదిలితే, ఒక్క క్షణం కదలకుండా చూసి, చటుక్కున నాలుక విసిరేవాడు. అవ్వ, నేను చప్పట్లు కొట్టేవాళ్ళం.

సీసాల్లో తెల్లటి వేర్లు మొదలయ్యాయి. ప్రతి సాయంత్రం అమ్మ సీసాను ట్యూబు కింద పట్టుకుని ఫోన్‌లో చెప్పేది. "ఈ రోజు అంగుళం వచ్చినాయి. లేదు లేదు, కుళ్ళలేదు, నీళ్ళు మారుస్తానే ఉండాను." మొదట్లో గట్టిగా మాట్లాడేది. తర్వాత మెల్లగా మాట్లాడసాగింది. వేర్ల గురించి అంతసేపు మాట్లాడటానికి ఏముంటుందో నాకు అర్థం కాలేదు. ఇంకొకటి కూడా చాలా ఆలస్యంగా గమనించాను. అంగడికొచ్చే రైతులనూ, బస్సు కండక్టరునూ, అందరినీ అమ్మ అన్నా అనే పిలుస్తుంది. జయచంద్రను మాత్రం ఒక్కసారి కూడా అలా పిలవలేదు. అసలు ఏమనీ పిలవలేదు.

జూన్ ఆఖరి ఆదివారం, రెండు వానలు పడ్డాక, ఆయనే చిన్న ట్రాలీ ఆటోలో చెట్లేసుకుని మా ఇంటికి వచ్చాడు. ముందు అమ్మ చేతికి ఒక ఫర్న్ ఇచ్చి నిలబడ్డాడు. పరీక్ష పేపరు ఇచ్చిన పిల్లాడిలా ఉన్నాడు. అమ్మ ఆకు తిప్పి చూసింది, రుమాలుతో తుడిచింది, వాసన చూసింది.

"ఏమీ లేదు" అంది.

"అబ్బా!" అని ఆయన నా వైపు తిరిగి నవ్వాడు.

నలుగురం తొట్టి చుట్టూ కూర్చున్నాం. వెనక వరసలో స్నేక్ ప్లాంట్లు, మూలన ఫర్న్, గుహ పైనుంచి జారేలా మా సీసాల్లో వేర్లొచ్చిన మనీప్లాంటు, ముందు స్పైడర్ ప్లాంటు. ఆయన నీళ్ళ తొట్టి గోడ నుంచి గీరి తెచ్చిన నాచును నేలంతా పరిచాం. నాచు హార్స్లీ హిల్స్‌లో ఇంకా బాగుంటుందని నేనంటే, "అడవిది అడవికే పాపా. మన గోడకు పట్టింది మనకు సాలు" అన్నాడు. అవ్వ ఉడకబెట్టి ఆరబెట్టిన ఎండుటాకులు చల్లింది. ట్యూబు వెలిగిస్తే ఆకుల మధ్య నుంచి వెలుగు ముక్కలు ముక్కలుగా కింద నాచు మీద పడింది. నిజంగా ఒక చిన్న అడవి!

దొడ్డప్పను వదిలాం. కాసేపు కదల్లేదు. తర్వాత కుంటుకుంటూ స్పైడర్ ప్లాంటును తోసుకుని, ఫర్న్ కింద ఆగాడు. వెనక కాళ్ళను అటూ ఇటూ ఆడించడం మొదలుపెట్టాడు.

"తవ్వతాండాడు" అన్నాడు జయచంద్ర గొంతు తగ్గించి. "బోదురుకప్పలు వెనక కాళ్ళతో తవ్వి, వెనక్కి దిగుతాయి. దీనికి ఒగ పాదం లేదు కదా... కుదురుతాదో లేదో."

నలుగురం గాజుకు ముఖాలు ఆనించాం. కుడి కాలితో పొట్టును తోస్తాడు, ఎడమవైపుది తిరిగి కూలిపోతుంది. మళ్ళీ తోస్తాడు. అప్పుడు వాడొక పని చేశాడు. ఉన్నచోటే గుండ్రంగా తిరగసాగాడు. తిరుగుతూ ఆ ఒక్క పాదంతోనే చుట్టూ తవ్వుకున్నాడు. నడుము దాకా దిగాడు. వీపు దాకా దిగాడు. చివరికి పొట్టులో రెండు కళ్ళు మాత్రం మిగిలాయి.

నేను కేక పెట్టాను. జయచంద్ర చేతులెత్తి చప్పట్లు కొట్టాడు. అమ్మ మట్టి చేతులతోనే నోరు మూసుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. గడ్డానికి నాచు అంటుకున్నా చూసుకోలేదు.

అవ్వ వైపు తిరిగాను. అవ్వ తొట్టిని చూడటం లేదు. అమ్మనే చూస్తోంది.

భోజనంలో అవ్వ రాగిసంగటి, చెనక్కాయలు నూరి చేసిన ఊరిబిండి వడ్డించింది. జయచంద్రకు రెండో ముద్ద వేస్తూ మామూలుగా అడిగింది. "మీ ఇంట్లో పెద్దోళ్ళు ఎవురుండారు నాయనా?"

"ఎవురూ లేరవ్వా. అమ్మ ఉండె, మూడేండ్లయింది పోయి. నేనొగడే."

"పెండ్లి?"

"కాలేదు."

"అట్లనా" అని, అవ్వ ఇంకొంచెం ఊరిబిండి వేసింది.

ఆయన వెళ్ళాక, అమ్మ గిన్నెలు తోముతుంటే అవ్వ పక్కన పీట వేసుకుని కూర్చుంది. నేను తొట్టి దగ్గరున్నాను, అన్నీ వినిపిస్తున్నాయి.

"మంచోడు మే" అంది అవ్వ.

"అత్తా!"

"నేను గుడ్డిదాన్ని కాదు నీరజా."

గిన్నెల చప్పుడు ఆగింది. "జనాలేమనుకుంటారు అత్తా?"

"ఇంట్లో కప్పను పెట్టుకున్నప్పుడే ఏమేమో అనుకున్న్యారు. ఏమయింది?"

అమ్మ కుళాయి తిప్పింది. నీళ్ళు చాలాసేపు పారాయి.

అప్పటిదాకా ఉన్న నా సంబరమంతా ఒక్కసారిగా భయమైంది. జయచంద్ర అంటే నాకు ఇష్టమే. అదికాదు. "మేము కుప్పం పోతే నువ్వు యాడుంటావవ్వా?" అని పరిగెత్తి అడిగాను.

"నాకేమిమే. కురబలకోటలో మీ మేనత్త ఉండాది కదా."

మా మేనత్త మునిలక్ష్మమ్మ, అమ్మ పెళ్ళి కబురు తెలిసి, ఆ వారంలోనే వచ్చింది. కొంగు దోపుకుని నడింట్లో నిలబడి అరిచింది. "మా అన్న పేరు ఏం కావాల? ఆ మనిషిని మర్సిపొమ్మంటావా? కోడలికి అత్త పెండ్లి చేసేది యాడన్నా ఉండాదా?"

అవ్వ గొంతు పెంచలేదు. "మీ అన్న నాకు కొడుకు మే. నా కన్నా నీకెక్కువ గుర్తుండాడా?"

మేనత్త కూర్చుని ఏడ్చింది. అవ్వ కూడా ఏడ్చింది. పోయేటప్పుడు మేనత్త తొట్టి దగ్గర ఆగి, "యాడుండాడు ఆ కప్ప?" అని అడిగింది. చూపించాను.

అమ్మ తన మాట ఆయనకు ఫోన్‌లోనే చెప్పేసింది. అవ్వ రాకపోతే తను రాదు. ఆ మరుసటి ఆదివారం జయచంద్ర వచ్చి అవ్వ ముందు నేల మీద కూర్చున్నాడు.

"అవ్వా, మా నర్సరీ ఎనక అర ఎకరా ఊరికే ఉండాది. గడ్డి మొలుస్తాది. నాలుగు గొర్రెలు కట్టుకోవచ్చు."

"నాలుగేనా?" అంది అవ్వ.

ఆగస్టు మొదట్లో ఇల్లు ఖాళీ చేశాం. చెట్లను కుండీలతో సహా పైకి తీసి, తొట్టిని దుప్పట్లలో చుట్టి ఆటోలో ఎక్కించాం. దొడ్డప్ప తడి పొట్టు నింపిన బకెట్‌లో ప్రయాణం చేశాడు. బకెట్‌ను ఇంకెవరినీ పట్టుకోనివ్వకుండా అవ్వ కుప్పం దాకా ఒళ్ళోనే పెట్టుకుంది. వెంకటగిరికోట దాటాక పెద్ద వాన. ఆటోలోకి జల్లు కొడుతుంటే మేమంతా తడిసి నవ్వుతూనే ఉన్నాం.

నోటీసు గడువు తీరాక ఆ నెలాఖరులో పెళ్ళి, రిజిస్ట్రారు ఆఫీసులో. అమ్మ ముదురు పచ్చ చీర కట్టుకుంది. జయచంద్ర గోళ్ళలో మట్టి ఎంత కడిగినా పోలేదు. సుదర్శన్ ఒక సాక్షి, మా మేనత్త ఒక సాక్షి. అవును, వచ్చింది. మూడో సాక్షిగా అవ్వ బల్ల ముందుకు జరిగింది.

గుమాస్తా తలెత్తకుండానే అడిగాడు. "పేరు?"

"మునిరత్నమ్మ."

"పెండ్లికూతురికి ఏమవుతారు?"

"అత్తను."

ఆయన రాయబోయి ఆగాడు. "పెండ్లికొడుకు వాళ్ళ అమ్మా?"

"కాదు నాయనా. పెండ్లికూతురికి అత్తను."

గుమాస్తా తలెత్తి అవ్వను చూశాడు, అమ్మను చూశాడు, మళ్ళీ అవ్వను చూశాడు. పక్క బల్ల మీద టైపు చేస్తున్నామె కూడా ఆపేసింది. అవ్వ వేలితో కాగితం మీద ఖాళీ గడిని చూపించింది.

"రాసుకో" అంది. "యాడ సంతకం పెట్టాల?"